బండి అమ్మినా బోనస్ నాదే

నా కుడి కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు, చూపు కుదురుకునేదాకా స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. ఎన్నాళ్లని అడిగితే చెప్పలేనన్నారు. ఏడాది కావచ్చు, రెండేళ్లు దాటవచ్చు.

బుక్కరాయసముద్రంలో మా ఇంటి ముందు కారు ఎండకు ఎండుతూ నిలబడిపోయింది. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. నేనే నలభై దాటాక నేర్చుకుని, ఐదేళ్లు ఆ కారులో బడికి వెళ్లి లెక్కలు చెప్పి వచ్చాను. ఆరు నెలలు చూసి, కుందుర్పి రైతు ఒకాయనకు అమ్మేశాను.

ఆ ఐదేళ్లలో ఇన్సూరెన్స్ ఒక్కసారీ వాడుకోలేదు. రాప్తాడు దగ్గర లారీ నా పక్క అద్దం విరగ్గొట్టుకుని పోయినప్పుడు కూడా సొంత డబ్బుతోనే వేయించుకున్నాను. అలా కారు డ్యామేజీకి కట్టే ప్రీమియంలో సగం తగ్గింపు దాకా వచ్చాను. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు.

"బండే లేనప్పుడు బోనస్ యాడిది? ఇడిసిపెట్టరాదా," అన్నాడు మా ఆయన.

"మళ్లా కొనేటప్పుడు కావాల్ల," అన్నాను.

ఆయన నా కంటి వైపు చూశాడు. ఆ చూపుకే నాకు రోషం వచ్చింది. మరునాడే ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లాను.

కౌంటర్లో ఉన్న పెద్దాయన పాలసీ తిరగేశాడు. "ఈ బోనస్ బండిది కాదమ్మా, మీది. బండి కొన్నాయన పేరు మీదికి మారినట్టు ఆర్‌సీ కాపీ తెచ్చియ్యండి, లెటర్ ఇస్తాం. మూడేండ్ల లోపల ఇంకో బండి కొంటే దానికి పనికొస్తాది."

రైతుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "మార్పిస్తాలే మేడం," అన్నాడు. రెండు నెలలు అదే మాట. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇక గట్టిగా పోట్లాడాలనే కుందుర్పి బస్సెక్కాను.

ఆయన ఇంటి వాకిట్లో నా కారు తలుపు తెరిచి ఉంది. రైతు తన భార్యను మెల్లగా వెనక సీట్లో కూర్చోబెడుతున్నాడు. వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కు అనంతపురం తీసుకుపోవాలట. తెచ్చుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు.

"తప్పే మేడం. ఆస్పత్రికి పోతాండాం, వస్తాండాం. దీంట్లోనే సరిపోతాంది," అన్నాడు.

"ఆమెను లోపలికి పంపినాక నాలుగు గంటలు ఖాళీనే కదప్పా?"

"ఖాళీనే. ఇడిసిపెట్టి పోయేకి మనసొప్పదు."

వెనక సీట్లోంచి ఆమె అందుకుంది. "నేను యాడికి పోతా? మిషన్‌కు కట్టేసింటారు. ఈపొద్దే పోయి పని చేపిచ్చుకో. మేడం, నువ్వూ ఎక్కు."

నా కారులో మొదటిసారి ఎడమ పక్క కూర్చున్నాను. ఆయన గేరు మార్చినప్పుడల్లా అక్కడ లేని క్లచ్‌ను నా కాలు తొక్కింది.

"మళ్లా నడుపుతావా మేడం?" అని ఆమె అడిగింది.

"నడుపుతా," అన్నాను. అంత గట్టిగా ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

"అయితే కాయితం చేతికొచ్చేదాకా ఈయప్పను ఇడిసిపెట్టాకు."

ఆమెను ఆస్పత్రిలో చేర్చి ఇద్దరం ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాం. లైన్లో నిలబడినప్పుడు, "ఆ తగ్గింపు నాకు రాదా?" అని అడిగాడు. "నాది రాదు. క్లెయిమ్ లేకుండా నడుపు, నీ పేరు మీద నీకూ వస్తాది," అని చెప్పాను. మిషన్ ఆపే వేళకు ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు.

కొన్ని వారాలకు కొత్త ఆర్‌సీ కాపీ, దాని వెనకే నా లెటరూ వచ్చాయి. కంటి పరీక్షకు వెళ్లినప్పుడల్లా "ఇంకా టైముంది" అనేవారు డాక్టరు. లెటర్ గడువు ఇంకో ఐదు నెలల్లో తీరుతుందనగా, ఇక నడపవచ్చన్నారు.

కొత్త కారు కొనేటప్పుడు షోరూమ్‌లో, పాత బండి లేదు కాబట్టి తగ్గింపు రాదన్నారు. లెటర్ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివి, ఎవరికో ఫోన్ చేసి, బిల్లు తిరగరాశారు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన బెల్టు పెట్టుకున్నాక కూడా కిటికీ పైన ఉండే పిడిని పట్టుకున్నాడు.

"రోంత నిదానంగా పోరాదా," అన్నాడు టవర్ క్లాక్ దాటాక.

"నిదానంగానే పోతాండా," అని హారన్ కొట్టి, ముందున్న ఆటోను దాటేశాను.