వరద సంచులు కుట్టిన టీచరమ్మ

మా కుట్టు టీచరమ్మ ఇక లేదని పోయిన వారం పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది ఆమె కోడలు. "నిద్రలోనే పోయిందక్కా. పన్నెండుకే తీస్తారంట, తొందరగా రా," అని పెట్టేసింది. మార్కాపురంలో గిద్దలూరు బస్సు ఎక్కాను. నాకది నెలసరి రెండో రోజు. ఈ మాట ఇక్కడ ఎందుకని కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించండి. ఆమె గురించి రాస్తూ ఈ మాట దాచడం నావల్ల కాదు.

నాకు జాకెట్ కుట్టడం నేర్పింది ఆమే. నోరు మంచిది కాదు. చంక దగ్గర కుట్టు ముడతపడితే బ్లేడు చేతికిచ్చి మొత్తం విప్పించేది. "గుడ్డని గాదు మే చూడాల్సింది, తొడుక్కునే మనిషిని చూడు," అనేది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. కుట్టు బాగుంటే ఏమీ అనకుండా టీ పోసిచ్చేది. ఆ టీ కోసం మేం గంటలు గంటలు మిషన్ తొక్కేవాళ్ళం.

తుఫాను వానలకు వాగు పొంగి కొమరోలు వైపు ఒక ఊళ్ళోకి నీళ్ళొచ్చినప్పుడు, జనాన్ని బడిలోకి చేర్చారు. ఆమె మమ్మల్ని వెంటబెట్టుకొని అన్నం పొట్లాలతో వెళ్ళింది. అక్కడ ఎవరో దాతలు పంపిన ప్యాడ్ల అట్టపెట్టెలు విప్పకుండా పడున్నాయి. సగం మంది ఆడవాళ్ళకు లోపల డ్రాయరు వేసుకునే అలవాటే లేదు, ప్యాడు దేనికి అంటించుకుంటారు? పాత చీర గుడ్డలే పెట్టుకుని, అవి మార్చుకోవడానికి గోడ వెనక కంపచెట్లలోకి పోతున్నారు. ఆమె ఒక ముసలమ్మ పక్కన కూర్చుని అన్నీ అడిగింది. ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది.

రెండు రోజుల్లో ఒక సంచి తయారైంది. అందులో నడుముకు లంగా బొందులా కట్టుకునే పట్టీ, దానికి గుండీలతో తగిలించే మెత్తటి గుడ్డలు నాలుగు, వాడినవి నీళ్ళు దొరికేదాకా దాచుకోవడానికి లోపల ప్లాస్టిక్ వేసిన చిన్న తిత్తి. చీర కింద నుంచే, గది మూలనే మార్చుకోవచ్చు. బయటికి పోయే పనే లేదు. తనకెప్పుడో ఆగిపోయినా, ముందు తనే కట్టుకుంది. గుడ్డ మీద బీట్‌రూట్ నీళ్ళు పోసుకుని బస్టాండు దాకా నడిచొచ్చి, "కారలేదు మే," అంది. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం.

తప్పు రంగులో జరిగింది. బట్టల దుకాణం ఆయన ఒక తాను ముతక గుడ్డ ఊరికే ఇచ్చాడు. పసుపు రంగుది. సంచీ పసుపే, పట్టీ పసుపే. "టీచరమ్మా, పసుపు గుడ్డ ముట్టుకి కట్టుకుంటారా?" అని నేనే అడిగాను. "ఇల్లే నీళ్ళల్లో పోయినోళ్ళకి రంగు పట్టింపేంది? ఊరుకోమ్మే," అంది. ఆ చేతులతోనే ఎన్నో పెళ్ళిళ్ళకు పసుపు గుడ్డలో ఒడిబియ్యం కట్టిన మనిషి. తెలియక కాదు, తొందరలో తెలిసినదాన్ని తోసేసింది.

సంచులు ఇస్తే ఆడవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. ఒక్కరూ వాడలేదు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, ఇంట్లో నుంచి తెచ్చుకున్న కుంకుమ భరిణె, దేవుడి పటం ఆ సంచిలో పెట్టి కిటికీ ఊచకు తగిలించింది. మర్నాడు పొద్దున చీర గుడ్డ మార్చుకోవడానికి గోడ వెనక్కి పోయింది. వరదకు కొట్టుకొచ్చిన చెత్తలో పాముంది. కల్వర్టు తెగిపోయి ఉండటంతో ఆస్పత్రికి మంచం మీద మోసుకుపోయారు. దారిలోనే ప్రాణం పోయింది.

మేం వెళ్ళేసరికి సంచి ఇంకా కిటికీకే ఉంది. ఆమె మొగుడు టీచరమ్మకు దణ్ణం పెట్టాడు. "సంచి శానా బాగా కుట్టినారమ్మా. పిల్లోళ్ళ పుస్తకాలకు ఉంచుకోమంటారా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది. టీచరమ్మ తల ఊపింది.

ఆ తర్వాత ఆమె కత్తెర పట్టే ముందు అడిగేది. రంగు రంగుల పీలికలు దారానికి గుచ్చుకుని ఊరూరా అరుగుల మీద ముసలమ్మల పక్కన కూర్చుని, "ఇది కట్టుకుంటావా అవ్వా? ఇదీ?" అని అడిగేది. కొందరు తిట్టి తరిమారు. చివరికి కాఫీ రంగు నిలబడింది. ఎక్కడ మాట్లాడమన్నా మొదట చెప్పేది ఒకటే: "నా తెలివితక్కువకి ఒక మనిషి పోయింది. పని గురించి ఆ తర్వాత అడగండి." పేరొచ్చినా ఆ మాట వదల్లేదు. వదలమని నేను చెప్పి చీవాట్లు తిన్నాను.

పోయిన వారం ఆ గిద్దలూరు బస్సులో నాతో పాటు ఆమె దగ్గర నేర్చుకున్న ఇంకొకామె ఉంది. కంభం దాటాక చెవిలో, "నీ దగ్గర ఒకటుందా? ఇప్పుడే అయింది," అంది. ఇచ్చాను. బస్టాండులో దిగాక మార్చుకుంది. ఇద్దరం కలిసే టీచరమ్మ ఇంటికి నడిచాం.

గుమ్మం దగ్గర టీచరమ్మ ఆడబిడ్డ నిలబడి ఉంది. లోపల స్నానానికి నీళ్ళు కాస్తున్నారు. "పొయ్యండమ్మా మీరు గూడా రెండు చెంబులు. దూరంగా ఎవరూ లేరు గదా?" అని అడిగింది.

"లేమత్తా," అని నా పక్కనున్నామె లోపలికి పోయింది.

"నాకు రెండో రోజు," అన్నాను.

ఆడబిడ్డ చేయి అడ్డం పెట్టింది. కోపంగా కాదు, వేడి గిన్నె మీదికి పోతున్న పిల్లను ఆపినట్టు. "అట్లనే ఉండు తల్లీ. ముట్టు నీడ పీనుగు మీద పడగూడదు."

లోపల ఉన్నవాళ్ళలో సగం మంది మా వాళ్ళే. కాఫీ రంగు సంచులు కుట్టినవాళ్ళే. నా మాట అందరికీ వినపడింది. ఎవరూ తల ఎత్తలేదు. నేను కూడా తోసుకుని లోపలికి పోలేదు. అబద్ధం చెప్పినామె టీచరమ్మ తల మీద నీళ్ళు పోసింది. నిజం చెప్పిన నేను కాలవ పక్కన ఎండలో నిలబడ్డాను. టీచరమ్మ లేచి ఉంటే ఇద్దరినీ తిట్టేది, నన్నే ఎక్కువ తిట్టేది.

పన్నెండుకు పాడె లేచింది. సందు ఇరుకు. ముందు నడుస్తున్న పెద్దాయన నన్ను చూసి, "పక్కకు జరుగమ్మాయ్, తగులుతాది," అన్నాడు. జరిగాను. గోడకు వీపు ఆనించి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని, ఆమెకు తగలకుండా దారిచ్చాను.