అందరి మెయిలు

ఒకరి దువ్వెన ఇంకొకరు తలలో పెట్టుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒకరు తాగిన గ్లాసు కడక్కుండా నాకు ఇస్తే ఆ ఇంట్లో మళ్లీ మంచినీళ్లు అడగను. మా ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు, అననివ్వండి. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర మా పిన్ని ఉండే వీధిలో జనం దువ్వెనలూ గ్లాసులూ ఎవరివి వాళ్లే వాడుకుంటారు. మెయిలు మాత్రం వీధి మొత్తానికి ఒక్కటే పెట్టుకున్నారు.

మొదట అది అమ్మవారి పూజ కమిటీ మెయిలు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలతో ఆ వీధి నిండిపోయింది. ఏటా పూజకి మైకు పర్మిషన్ కోసమో, పందిట్లో కరెంటు కోసమో ఏ ఆఫీసు మెట్లెక్కినా, "మెయిల్ పెట్టండి" అనడం మొదలుపెట్టారు. దాంతో కమిటీ సెక్రటరీ, వర్క్‌షాపులో చేసి రిటైరైన పెద్దాయన, వీధి మొదట్లో ఉన్న కంప్యూటర్ షాపులో కూర్చుని ఒక మెయిలు తెరిపించాడు. పాస్‌వర్డ్‌గా అమ్మవారి పేరు పెట్టాడు. ఆ పేరున్న మెయిలు జోలికొస్తే దొంగకి కళ్లు పోతాయని ఆయన నమ్మకం. వీధి నమ్మకమూ అదే. ఆ పేరు వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత గ్యాసు కనెక్షన్‌కి మెయిల్ ఐడీ అడిగితే ఆ మెయిలే ఇచ్చారు. పెన్షన్‌కి అదే, హాస్పిటల్ కార్డుకి అదే, పిల్లల పరీక్షలకి అదే, పెళ్లి సంబంధాలకీ అదే. ఎవరడిగినా ఇంటి నంబరు చెప్పినట్టు తడుముకోకుండా చెప్పేవారు. షాపుకి వెళ్లిన ప్రతివాళ్లూ ఆ మెయిలు తెరిచి, తమది కాని ఉత్తరాలు కూడా చదివి, సాయంత్రం అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవారు. ఒకమ్మాయికి ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఎవరో "మనది కాదులే" అని తుడిచేశారు. ఒకాయన కొడుకుని పెళ్లివారు ఎందుకు వద్దన్నారో ఆయన కంటే ముందు కూరగాయల బండి దగ్గర తెలిసిపోయింది. నేను నోరు చేసుకుంటే, "మనోలమే కదేటమ్మా, మనలో మనకి దాపరికం ఏటి?" అనేవారు. ఆ మాట వినీ వినీ మనవాళ్లు అనే మాటంటేనే రోత పుట్టింది నాకు.

పిన్నికి పిల్లల్లేరు. బాబాయి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరైన కొన్నాళ్లకే పోయాడు. మా అమ్మ కూడా పోయాక నాకు పుట్టిల్లంటే పిన్నిల్లే. నేను ఈ ఊళ్లోనే తాల్‌బగీచాలో ఉంటాను, చిన్నపిల్లలకి పాఠాలు చెబుతాను. ఒక రోజు స్నానం చేస్తుంటే పిన్నికి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమన్నాడు. నేను స్కూల్లో పరీక్షల పనిలో ఉండి వెంట వెళ్లలేకపోయాను. ల్యాబు కౌంటర్లో అమ్మాయి రిపోర్టు మెయిల్లో వస్తుందని ఐడీ అడిగితే, పిన్ని అలవాటు కొద్దీ వీధి మెయిలు చెప్పేసింది.

కొన్ని రోజుల తర్వాత పిన్ని గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతోంది. వాళ్ల వీధిలో ఆవిడే, పూజకి పిన్నితో కలిసి ముగ్గులు పెట్టే ఆవిడ, గుంపులోంచి తోసుకొచ్చి పిన్నిని వాటేసుకుని గొల్లుమంది.

"ఓలమ్మా అప్పా, నీకేటి ఇలాగైపోనాది! ఆ పాడు రోగం నీకే రావాలేటి!"

చేపలు తరిగే బెంగాలీ ఆమె చెయ్యి ఆపేసి, "కీ హోలో, దీదీ?" అంటూ ఏమైందని అడుగుతోంది. చుట్టూ జనం మూగారు. పిన్నికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏ రోగమే?" అని అడిగింది.

"అదేటి, నీకు తెల్దేటి? మెయిల్లో వచ్చీసింది గదా. అందరం సూసినాం."

అని ఆవిడ మళ్లీ ఏడుపు అందుకుంది. పిన్ని తన కొంగుతో ఆవిడ కళ్లు తుడిచింది. ఊరుకోమని వీపు నిమిరి, ఆటో ఎక్కించి ఇంటికి పంపింది. అప్పుడు ఇంకో ఆటో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చేపల సంచి గుమ్మంలోనే పెట్టేసింది.

"నాకు కేన్సరంట. ఈదిలో అందరికీ తెలుసంట. నిజమో కాదో నువ్వు సూసి సెప్పు."

నేను కంప్యూటర్ షాపుకి పరిగెత్తాను. ఆ షాపులో కూర్చోవడమే ఒక శిక్ష. కీబోర్డు సందుల్లో మరమరాలు, మీటల మీద నూనె జిడ్డు, మౌసు పట్టుకుంటే అరచెయ్యి అతుక్కుంటుంది. అయినా ఆ జిడ్డు సబ్బుతో పోతుంది. తెర మీద చూసింది మాత్రం ఏ సబ్బుకీ పోదు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లన్నీ అక్కడే పడి ఉన్నాయి, ఎవరూ ఏదీ తుడవలేదు. ఆధార్ కాపీలు, మార్కుల లిస్టులు, ఎవరి ఎక్స్‌రేలో, ఎవరి పెళ్లి ఫొటోలో. వాటి మధ్య పిన్ని పేరున్న రిపోర్టు. ఒకటి కాదు. ఎవరు తెరిస్తే వాళ్లకొక కాపీ దిగి, పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు పడ్డాయి. ఆ ఫైలుకి తాళం ఉంది నిజానికి. పుట్టిన సంవత్సరం కొడితే తెరుచుకుంటుందని ఆ మెయిల్లోనే రాసి ఉంది. పిన్ని ఆధార్ కాపీ ఆ పక్క ఫైలే.

చదివాను. నిజమే.

షాపాయన బెంగాలీ మనిషి. నా మొహం చూసి, "సబ్ దేఖ్‌తా హై దీదీ, హమ్ క్యా కరేగా?" అన్నాడు. అందరూ చూస్తారు, నేనేం చేస్తాను అని. అంటూనే తన ఫోను తిప్పి చూపించాడు. ఎవరో ఆ తెరనే ఫొటో తీసి వీధివాళ్ల ఫోను గ్రూపులో పెట్టారు. కింద దణ్ణాల బొమ్మలు బారులు తీరాయి. అమ్మవారికి మొక్కుకోండి అని ఒకరు రాశారు. "ఏ స్టేజీ అంట?" అని ఇంకొకరు అడిగారు. మా పిన్ని రొమ్ము గురించి డాక్టరు రాసిన నాలుగు వాక్యాలు, ఆమె ఇంకా చదవని వాక్యాలు, చేపల బజారు దాకా ఊరేగాయి. ఆ కాపీలన్నీ ఒక్కొక్కటే తుడిచేసి, బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను.

సెక్రటరీ ఇంటికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చమన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మోరి పేరు తీసీమంటావేటమ్మా? అరిష్టం కాదేటి? పూజ కూడా దగ్గరకొచ్చీసింది."

"పోనీ ఇంకో కోడ్ పెట్టుకోండి, అది మీ ఫోనుకే వస్తుంది."

"అదీ ఉన్నాది. షాపులో ఎవులు అడిగితే ఆలకి నానే కేకేసి సెప్తాను."

అది మేలు చేస్తున్నాననే అనుకున్నాడాయన. చెడ్డవాడు కాదు. తర్వాత పిన్ని ఆపరేషన్‌కి రక్తం కావాలంటే మొట్టమొదట వచ్చి నిలబడింది ఆయన కొడుకులే. హాస్పిటల్‌కి అన్నం మోసుకొచ్చింది గోల్‌బజార్‌లో ఏడ్చిన ఆవిడే. అందుకే ఇంకా అసహ్యం వేసేది. పరాయివాడు దొంగిలించి చదివితే నోరారా తిట్టుకోవచ్చు. వీళ్లు చదివింది చాలక క్యారియర్‌లో పప్పూ అన్నం పెట్టి తెస్తే, తిట్టేందుకు కూడా లేకుండా పోయింది. అన్నం పెట్టిన చెయ్యి కదా అని ఆ చెయ్యి ఎక్కడ పెట్టినా ఊరుకోవాలా?

ఆపరేషన్ అయింది. తీసిన గడ్డనీ, చంకలోంచి తీసిన ముక్కల్నీ మళ్లీ పరీక్షకి పంపారు. జబ్బు అక్కడితో ఆగిందా, పాకిందా అన్నది ఆ రిపోర్టు వస్తేనే తెలుస్తుంది. పిన్ని మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని, కట్టు మీద చెయ్యి వేసుకుని నాతో చెప్పింది.

"ఈపాలి నానే ముందు సూడాల. డాక్టరు సూసినా పర్నేదు, ఆయన పని అది. ఈదిలోవోలు మాత్రం నాకన్నా ముందు సూడకూడదు."

"అలాగే పిన్నీ."

"నువ్వు కూడానే."

కొంచెం గుచ్చుకుంది. కానీ ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది?

పిన్నికి ఒక ఫోను ఉంది, భక్తి పాటలు వినడానికీ, మా పిల్లల మొహాలు చూడటానికీ వాడేది. అందులోనే ఆమెకి వేరే మెయిలు తెరిచాను. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి నా ఉపన్యాసం మొదలైంది. దేవుడి పేరు వద్దు, పుట్టిన తేదీ వద్దు, బాబాయి పేరు అసలే వద్దు, ఒకదానికొకటి పొంతన లేని మూడు నాలుగు మాటలు కలిపి పెట్టుకో, నువ్వు మరిచిపోకూడదు, ఇంకొకరికి తట్టకూడదు అన్నాను. పిన్ని అంతా విని, "ఆ గోడకేసి తిరిగి కూసో" అంది. తిరిగి కూర్చున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పైకి గొణుగుతోంది. "పిన్నీ, పైకి అనకు" అంటే కిసుక్కున నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంకో ఫోన్లోంచి ఎవరైనా ఆ మెయిలు తెరవబోతే కోడ్ ఆమె ఫోనుకే వచ్చేట్టు పెట్టాను. ఆ కోడ్ నేనడిగినా చెప్పొద్దన్నాను. షాపు కంప్యూటర్లో చచ్చినా తెరవొద్దన్నాను. మర్నాడే ఒక ఉత్తరం వచ్చింది, మీ మెయిలు ఆగిపోబోతోంది, వెంటనే ఇక్కడ నొక్కండి అని. పిన్ని నాకు ఫోన్ చేసింది.

"ఏటే ఇది, నిన్న పుట్టిన మెయిలు ఇయ్యాల సచ్చిపోతాదంతన్నారు?"

"నొక్కావా?"

"నాకేటి పని నేదేటి? తుడిసీసినాను."

ల్యాబుకి నేనే వెళ్లాను. ఫోన్లో చెబితే సరే సరే అన్నారుగానీ, వాళ్ల కంప్యూటర్లో చూస్తే ఇంకా వీధి మెయిలే ఉంది. కౌంటర్లో అమ్మాయి విసుక్కుంటున్నా కదలకుండా నిలబడి, పాతది తీయించి, కొత్తది పెట్టించి, పైకి చదివించుకున్నాను. తాళం కూడా పుట్టిన సంవత్సరం కాకుండా వేరేది పెట్టమన్నాను. అది కుదరదంది. పోనీలే, కనీసం ఉత్తరం సరైన ఇంటికి వెళుతుందనుకున్నాను.

ఆ తర్వాత వీధి ఎదురుచూపు మొదలైంది. నేను పిన్నిని చూడటానికి వెళుతుంటే సెక్రటరీ ఆపి అడిగాడు.

"మీ పిన్ని రిపోర్టు ఇంకా రానేదేటమ్మా? పొద్దున్నా సాయంత్రం తెరిసి సూత్తన్నాం."

పూజకి ముందు పందిరి సామాను వచ్చిందా లేదా అని చూసుకున్నట్టు, వంతులు వేసుకుని చూస్తున్నారు. ఆ మెయిలుకి ఇక రాదని చెప్పాను. ఎందుకు రాదన్నాడు. రాదంతే అన్నాను. సాయంత్రానికల్లా అరుగుల మీద పిన్ని మారిపోయిందనీ, మనల్ని దొంగల కింద జమకట్టేసిందనీ అనుకోవడం మొదలైంది. గోల్‌బజార్ ఆవిడ రెండు రోజులు క్యారియర్ తేలేదు. చదవనివ్వకపోతే అన్నం కూడా బందన్నమాట. మూడో రోజు తనే సిగ్గుపడి తెచ్చింది. పిన్ని ఆవిడని కూర్చోబెట్టి, పులుసులో ఉప్పు ఎక్కువైందని తప్ప ఇంకో మాట మాట్లాడలేదట.

ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి అన్నం కలుపుకున్నాను. గుమ్మంలో ఆటో ఆగింది. పిన్ని ఒక్కతే దిగింది, ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుని. నేను ఎంగిలి చేత్తోనే లేచాను.

"వచ్చిందా?"

"తిను ముందు."

"పిన్నీ!"

"తినే, సల్లారిపోతాది."

నా ఎదురుగా కూర్చుని, నేను ఆఖరి ముద్ద మింగి చెయ్యి కడుక్కునేదాకా నోరు విప్పలేదు. ఆ అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. తర్వాత తలుపు దగ్గరగా వెయ్యమంది. వేశాను.

"పాకినాదే. సంకలోకి కూడా ఎల్లినాది. డాక్టరుకి సూపిత్తే మందు ఎక్కించాలన్నాడు. నిన్న వచ్చింది మెయిలు."

నిన్న. నిన్న చదివి, రాత్రంతా ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి ఒక్కసారే వచ్చాయి. నాకు ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా, ఇంత పెద్ద మాట ఒక్కదానివే ఎలా మోశావు అని అరిచాను. పిన్ని అరవనిచ్చింది. బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పోయినపాలి నాకు ఏడుపు కూడా మిగల్సలేదే. అందరూ ముందే ఏడ్సీసినారు, ఆలని ఊరుకోబెట్టడానికే సరిపోయింది నాకు. ఈపాలి తలుపేసుకుని, ముందు నాను ఏడ్సుకున్నాను. ఇప్పుడు నువ్వేడు."