మా ఆయన చాచిన చెయ్యి

ఇవాళ ఆదివారం, పొద్దున నేను వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతుంటే రెండు మైకులు ఒక్కసారే మొదలయ్యాయి. రోడ్డు పక్క ప్రార్థన మందిరంలో మాట్లాడేది నా కొడుకు. కాలువ పక్క మందిరంలో మాట్లాడేది డోలక్ బ్రదర్. ఇద్దరూ మా ఆయన గురించే చెబుతున్నారు. నాకు కూడబలుక్కుని చదవడమే తప్ప రాయడం రాదు కాబట్టి, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. వాళ్లిద్దరూ చెప్పాక నేనూ చెప్పాలి కదా.

మా ఆయన తెలకపల్లి చుట్టుపక్కల కూలికి పోయిన మనిషి. కొల్లాపూర్ మామిడితోటలో కాయలు తెంపుతూ, చెట్టు మీదే దేవుని పాట ఎత్తుకున్నాడనీ, మా సంఘం అక్కడే పుట్టిందనీ సాక్ష్యాల్లో చెబుతారు. చెట్టు దిగకుండా పాడుతున్నాడని మేస్త్రీ తిట్టిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తర్వాత రేకుల షెడ్డు వేశారు. ఎండాకాలం లోపల కూర్చుంటే చెమటా, కొబ్బరినూనే, మల్లెపూలూ కలిసి ఒకటే వాసన. ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాల. అందులో ఆయన తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. పిల్లి ఎక్కినా నేనే అదిలించేదాన్ని. ఆయన తర్వాత ఎవరు కూర్చోవాలన్నదానికి మా దగ్గర ఓట్లూ లేవు, కాగితాలూ లేవు. పెద్దాయన ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి దీవిస్తే వాళ్లే.

ఆయన మంచాన పడ్డాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో ఇక లాభం లేదంటే ఇంటికి తెచ్చుకున్నాం. సంఘమంతా వచ్చి మంచం చుట్టూ మోకరించింది. కొడుకు కాళ్ల దగ్గర ఉన్నాడు. ఆయన వెంట ఊరూరా తిరిగి డోలక్ కొట్టిన బ్రదర్ తల దగ్గర ఉన్నాడు. మావాళ్లు ప్రార్థనకు కళ్లు మూశారంటే పిడుగు పడ్డా తెరవరు. నేను మూయలేదు. పాస్టరు పెళ్లాం కళ్లు మూసుకుంటే పొయ్యి మీద గంజి ఎవరు చూస్తారు, రోగిని ఎవరు చూస్తారు?

కాబట్టి నేను చూశాను. పక్కన స్టూలు మీద నీళ్ల చెంబు ఉంది. ఆయన దాని కోసమే చెయ్యి చాచాడు. చెయ్యి అక్కడిదాకా పోలేక, నడుమ వంగి ఉన్న బ్రదర్ నెత్తి మీద పడింది.

"అయ్యగారూ!" అని బ్రదర్ గొల్లున ఏడ్చాడు. అందరూ కళ్లు తెరిచారు. నెత్తి మీద చెయ్యి కనబడింది. ఇక హల్లెలూయలే! ఆ జనాన్ని తోసుకుని పోయి నేను చెంబు ఆయన నోటికి అందించాను. తాగి, "సల్లగున్నయి" అన్నాడు. ఆ కేకల్లో అది నాకొక్కదానికే వినిపించింది. తెల్లారి కన్నుమూశాడు.

సమాధి అయ్యాక సంఘం కూడింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. అందరు చూసిండ్రు" అన్నాడు బ్రదర్.

"కండ్లు మూసుకున్నోళ్లు ఏం చూసిండ్రే? అమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు కొడుకు.

సంఘం ఒకటిగా ఉండడమో, ముక్కలవడమో నా మాట మీదే ఉందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నోరు మూసుకుంటే బ్రదర్ కూర్చుంటాడు, గొడవ ఉండదు. మనిషి కష్టజీవి కూడా. నా కొడుక్కేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ చచ్చినాయన చెయ్యి మీద అబద్ధం పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

"ఆయన నీళ్ల కోసం చెయ్యి చాపిండు. దీవించాలని ఎవ్వరి నెత్తి మీద పెట్టలే" అన్నాను.



"అయితే ఆ చెంబునే కుర్చీల కూసోపెట్టుండ్రి" అంది వెనక నుంచి మా వదిన. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్లు నవ్వలేదు.

"చూసినవా, నీకు పెట్టలే!" అన్నాడు కొడుకు.

"నీకు పెట్టిండా మరి?" అన్నాడు బ్రదర్. "అమ్మగారూ, కడుపుతీపితోని గిట్ల మాట్లాడుతుండ్రు మీరు."

ఆ తర్వాతి ఆదివారానికి సంఘం రెండయింది. కుర్చీ బ్రదర్ వాళ్లు ఎత్తుకుపోయారు, తువ్వాల కొడుకు దగ్గర ఉండిపోయింది. నేను ఒక వారం ఇటు, ఒక వారం అటు పోయి చూశాను. అది ఇద్దరికీ నచ్చలేదు. ఇప్పుడు మోకాళ్లే వద్దంటున్నాయి.

ఇవాళ మైకులో బ్రదర్ చెబుతున్నాడు: అయ్యగారు రెండు చేతులూ తన నెత్తి మీద పెట్టి, లేచి కూర్చుని దీవించాడట. కొడుకు చెబుతున్నాడు: నాయన ఆ చెయ్యి తన వైపే చూపించి, కొడుకా అని పిలిచాడట. చెంబు మాట ఎవరూ ఎత్తరు. అది నా పక్కనే ఉంది, రోజూ నీళ్లు అందులోనే తాగుతాను. ఏళ్లు గడిచేకొద్దీ మా ఆయన చేతికి బలం పెరుగుతూనే ఉంది. ఆ రోజు మాత్రం అది చెంబుదాకా కూడా పోలేకపోయింది.