వయసు కంటే ఒకటి ఎక్కువ

"...గంట మోగాక పుట్టినవాడికి ఈ ఏనుగు దగ్గర ఏం పనే? పోయి ఆ వాయవ్యం మూల పెట్టు. ఎన్నేళ్ళని చెప్పాలి నీకు?"

"గంటకు ముందే పుట్టాడు పిన్నీ."

"నువ్వు చూశావా?"

"గడపలోనే ఉన్నా."

"గడపలో ఉన్నదానికి తెలిసిందట, బిడ్డను చేతుల్లో పట్టుకున్నదానికి తెలియలేదట! మఠంలో మధ్యాహ్నం గంట మోగింది. భిక్షువులు అన్నాలు ముగించి లేచారు. ఆ తర్వాతే మీ అమ్మ ఆఖరి కేక. ఈ చెవులతో విన్నాను. అప్పట్లో ఇవి బాగానే పనిచేసేవి."

"ఇప్పుడు నీకు కావలసినవే వినపడతాయి."

పక్కన తామరపూలు అమ్మే మనిషి ఫక్కున నవ్వింది. టిన్ యీ ఆమె వంక గుర్రుగా చూసి, మళ్ళీ అక్క కూతురి వైపు తిరిగింది.

"నవ్వితే నవ్వనీ. ఏడేళ్ళుగా నీ తమ్ముడి దీపం పరాయి వాకిట్లో పెడుతున్నావు సాన్ మ్యా. వచ్చేవాడికి దారెలా కనపడుతుంది?"

"వాడు రావాలనుకుంటే ఏ మూల నుంచైనా వస్తాడు."

"వచ్చేవాడైతే కదా!"

అనేశాక టిన్ యీ నాలుక కరుచుకుంది. సాన్ మ్యా వంగి, దంతాల ఏనుగు ముందున్న రాతి అరుగు మీద పాత మైనం గోటితో గీకడం మొదలుపెట్టింది.

ఐరావతి ఒడ్డున, ఇటుకలు బయటపడిన ఆ పాత పగోడా చుట్టూ ఎనిమిది మూలలున్నాయి. ఎవరు పుట్టిన వారానికి తగ్గ మూల దగ్గర వాళ్ళు నీళ్ళు పోసి దీపం పెడతారు. బుధవారం ఒక్కటే రెండు ముక్కలు. పొద్దున పుట్టినవాళ్ళు బుధుడివాళ్ళు, దక్షిణాన దంతాల ఏనుగు వాళ్ళది. మధ్యాహ్నం దాటాక పుట్టినవాళ్ళు రాహువు వాళ్ళు, వాయవ్యాన దంతాలు లేని ఏనుగు దగ్గరికి వెళ్ళాలి. మనిషి దూరాన ఉంటే వాడి తరఫున ఇంట్లోవాళ్ళు పెడతారు. కొవ్వొత్తులు వయసు కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ఆ ఎక్కువది రాబోయే ఏటి కోసం.

టిన్ యీ గొంతు తగ్గించింది. "సో టున్ మళ్ళీ అడిగాడే."

పడవ ఇంజన్లు బాగుచేసే సో టున్ భార్య పోయి నాలుగేళ్ళయింది. అతను సాన్ మ్యా తమ్ముడి భార్య ఖైన్‌ను పెళ్ళికి అడుగుతున్నాడు.

"పండగపూట ఆ మాటెత్తకు పిన్నీ."

"మామూలు రోజుల్లో నువ్వు చుట్టల చేట ముందు నుంచి తలెత్తితే కదా. ఖైన్ అతనికి ఏం చెప్పిందో తెలుసా? 'మా వదిన పుణ్యం పంచేదాకా నేను ఒకరి భార్యనే' అందట. దానికి ముప్పై రెండు. నీలాగా అది కూడా ఆ చేట ముందే ముసలిదైపోవాలా?"

"నేను దాన్ని కట్టేశానా?"

"కట్టేయలేదు. కొవ్వొత్తులు పెడుతున్నావు, అంతే."

టిన్ యీ చిర్రుమంటూ చెప్పుల సంచి చంకన పెట్టుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. కింద శనగ బజ్జీలు వేసేచోట ఆమె ఈడు ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు.

సాన్ మ్యాకు నలభై ఏడేళ్ళు. పదకొండో ఏట చుట్టలు చుట్టడానికి కూర్చుంది. ఆకు తడిపి పరచడం, పొగాకు తరుగు పోయడం, పొగ వడకట్టడానికి మొక్కజొన్న డొప్ప మడిచి కొసన పెట్టడం, చుట్టి అంటించడం. రోజుకు వెయ్యి. పదమూడో ఏట తల్లి పోయి తమ్ముడు చేతికి వచ్చాడు. ఒక మోకాలి మీద చేట, రెండో మోకాలి మీద వాడు. తాటిచెట్లు గీసే తండ్రి పగలంతా చెట్ల మీదే ఉండేవాడు. వాడికి వే లిన్ అని పేరు పెట్టించింది, మేకపాలు పట్టింది, మఠంలో చదువుకు పంపింది, కొన్నాళ్ళ బాలభిక్షువుగా గుండు చేయించి కాషాయం కట్టించినప్పుడు వెండిగిన్నె పట్టుకుని వెనకాల నడిచింది. ఇద్దరు ముగ్గురు ఆమెను పెళ్ళికి అడిగారు. "తమ్ముడు కాస్త ఎదగనీ" అంది. వాడు ఎదిగి ఖైన్‌ను తెచ్చుకునేసరికి అడిగేవాళ్ళు లేరు. దానికి ఆమె ఎప్పుడూ దిగులు పడలేదు. ఇంట్లో రెండో చేట పడింది, కబుర్లకు మనిషి దొరికింది.

వాడు పనిచేసే పడవను యజమాని అమ్మేశాడు. ఇరవై ఏడో ఏట వే లిన్ ఉత్తరాన పచ్చరాయి గనులకు వెళ్ళాడు. యంత్రాలు తవ్వి పారబోసిన మట్టిగుట్టల్లో రాయి ముక్కలు ఏరుకునే పని. ఆ ఏడు వానల్లో ఒక గుట్ట కూలింది. ఇదే ఊరివాడొకడు కాలు విరిగి తిరిగొచ్చాడు. వే లిన్ లుంగీ, దువ్వెన తెచ్చి అరుగు మీద పెట్టి, "పొద్దున్నే గుట్ట దిగాడు అక్కా. కింద ఎందరున్నారో ఎవరికీ తెలియదు" అన్నాడు.

సాన్ మ్యా ఆ మాటనే పట్టుకుంది. ఎందరున్నారో తెలియనప్పుడు వాడు ఉన్నాడని మాత్రం ఎలా తెలుసు?

మనిషి పోతే ఏడో రోజున భిక్షువులను పిలిచి అన్నం పెట్టి, పేరు చెప్పి నీళ్ళు ధారపోసి పుణ్యం పంచాలి. అప్పుడు పోయినవాడు తన దారిన పోతాడు. ఏడో రోజు వచ్చింది. సాన్ మ్యా ఆకులు తడిపి చేట ముందు కూర్చుంది. ఖైన్ గుమ్మంలో కాసేపు నిలబడి చూసి, తానూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు. బతికున్నవాడి దీపాలు మాత్రం ఏటా ఒకటి చొప్పున పెరుగుతూ వచ్చాయి. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. వాడి ముఖం ఎలా మారి ఉంటుందో ఊహకు రాకపోయినా, ఆ అరుగు మీద వాడికి ఏళ్ళు నిండుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ముప్పై అయిదు వెలిగించింది. గాలికి ఆరినవాటిని మళ్ళీ వెలిగించింది. చేతులు జోడించింది గానీ మొక్కు నోటికి రాలేదు.

పిన్ని చెప్పింది నిజం.

ఆ రోజు ముందు మోగింది మఠం గంటే. సాన్ మ్యా కూడా విన్నది. బిడ్డ ఏడుపు తర్వాతే వినపడింది. సాయంత్రానికి తల్లి ఒళ్ళు చల్లబడింది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అనుకుంటున్నారు: "రాహువు వేళ పుట్టి తల్లిని మింగాడమ్మా." చీకటిపడ్డాక తండ్రి చెట్లు దిగి వచ్చాడు. శవాన్ని చూశాడు, బిడ్డను చూశాడు. తాటాకు మీద జాతకం రాయించాలి కాబట్టి అడిగాడు. "గంటకు ముందా, తర్వాతా?" పిన్ని లోపల శవానికి స్నానం చేయిస్తోంది. పదమూడేళ్ళ సాన్ మ్యా బిడ్డను గట్టిగా హత్తుకుని, "ముందే నాన్నా" అంది.

ముప్పై నాలుగేళ్ళు ఆ మాట మీదే నిలబడింది. కానీ ఈ మధ్య చుట్టలు చుడుతూ చుడుతూ చెయ్యి ఆగిపోయేది. తమ్ముణ్ణి కాపాడాల్సిన రాహువుకు తాను మొక్కనే లేదేమో. గుట్ట కూలిన రోజు వాడి వైపు చూసే దిక్కే లేకపోయిందేమో. అందుకే ఈసారి సంచి అడుగున ఇంకో కొవ్వొత్తుల పొట్లం తెచ్చుకుంది. పిన్ని కంట పడకుండా ఆ మూలా పెట్టి రావాలని.

పగోడా చుట్టూ నడిచింది. తల్లికి ధర్మం చెప్పి బుద్ధుడు దేవలోకం నుంచి దిగే దారిలో వెలుతురుండాలని జనం మెట్ల నుంచి శిఖరం కింది అంచు దాకా దీపాలు పెట్టారు. పిల్లలు మైనం ముద్దలు ఏరుకుంటున్నారు. వాయవ్యాన జనం పలుచగా ఉన్నారు. దంతాలు లేని ఏనుగు ముందు ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని చివరి కొవ్వొత్తిని అరుగుకు అతికిస్తోంది. వెనక నుంచి జడ చూడగానే సాన్ మ్యా గుర్తుపట్టింది.

ఏటా పండుగనాడు ఖైన్ కాసేపు మాయమయ్యేది. "గర్భగుడిలో కూర్చుని వస్తా వదినా" అనేది.

చుట్టలు కట్టలు కట్టేదానికి వేలు పెట్టి లెక్కపెట్టాల్సిన పని లేదు, చూస్తే తెలుస్తుంది. ఇరవై ఏడు. పొరబడ్డానేమోనని మళ్ళీ చూసింది. ఇరవై ఏడే.

"ఎవరికే ఇవి?"

ఖైన్ ఉలిక్కిపడి లేచింది. "వదినా..."

"ఇరవై ఆరేళ్ళవాళ్ళు మనకెవరున్నారు?"

"ఆయనకే వదినా."

"వాడికి ముప్పై నాలుగు."

ఖైన్ తల దించుకుంది. చేతికంటిన మైనం నలిపింది. "ఆయనకు ఇరవై ఏడే వదినా. పై ఏటిది... పెట్టలేకపోయాను."

మెట్ల దగ్గర ఎవరో కంచుగంట కొట్టి, చుట్టూ ఉన్నవాళ్ళను పుణ్యం అందుకోమని కేక వేశారు.

"ఎన్నేళ్ళుగా?"

"ఏడేళ్ళుగా. మీకు చెప్పే ధైర్యం రాలేదు."

"ఈ మూల సంగతి నీకెవరు చెప్పారు? పిన్నేనా?"

"ఆయనే."

"వాడికెలా తెలుసు?"

"కాషాయం కట్టిన రోజుల్లో పిన్ని చెప్పిందట. పండగకు మీతో అక్కడ మొక్కేవాడు కదా? మీరు బజ్జీలు కొనడానికి దిగగానే పరిగెత్తుకుంటూ ఇటొచ్చి ఇక్కడొకటి పెట్టేవాడు. పెళ్ళయిన ఏడు నన్నూ తీసుకొచ్చాడు. 'అక్క నాకోసం అబద్ధం ఆడింది, తెలిసిందని చెప్పకు, సిగ్గుపడుతుంది' అన్నాడు. నవ్వాడు కూడా. 'నాకు రెండు ఏనుగులు, ఊళ్ళో ఇంకెవరికున్నాయి?' అన్నాడు."

సాన్ మ్యా నోటికి భుజం మీది కండువా అడ్డం పెట్టుకుంది. అయినా శబ్దం బయటికి వచ్చింది. కొవ్వొత్తి వెలిగించుకుంటున్న ఒక ముసలాయన తన దీపం తీసుకుని దూరంగా జరిగాడు. ఏడేళ్ళలో ఆమె ఏడవడం ఖైన్ ఎప్పుడూ చూడలేదు. ఏం చేయాలో తెలియక, ప్రతి ఏటా ఈ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు చేసే పని చేసింది. రాళ్ళ మీద మోకరిల్లి, చేతులు జోడించి, నుదురు మూడుసార్లు నేలకు ఆనించింది.

"మాటతో గానీ, చేతతో గానీ, మనసుతో గానీ నేను మీపట్ల తప్పు చేసి ఉంటే మన్నించండి వదినా."

ఈ మాటకు పెద్దవాళ్ళు మన్నించి దీవించాలి. ఏటా సాన్ మ్యా దీవెన ఒకటే: "నీ మొగుడు తిరిగొచ్చి, చల్లగా కాపురం చేసుకో." ఖైన్ వంగే ఉంది. జడ కొస దుమ్ములో పడింది. మెడ మీద ఎముక తేలింది, ఎప్పుడు ఇంత చిక్కిపోయిందో.

"మన్నించాను" అంది సాన్ మ్యా. తర్వాతి మాట కోసం వెతుక్కుంది. "చల్లగా ఉండు."

అంతే అంది. ఖైన్ తలెత్తి చూసింది. మిగతాది రాలేదు.

వదిన చెయ్యి అందించి లేపింది. సంచిలో పొట్లం విప్పలేదు. ఇద్దరూ దీపాల మధ్య నుంచి నడిచి మెట్లు దిగారు. బజ్జీల దగ్గర టిన్ యీ చింతపండు పులుసులో అద్దుకుని తింటూ, పక్కావిడతో తన కోడలి మీద చాడీలు చెబుతోంది. వీళ్ళిద్దరి ముఖాలు చూసి బజ్జీ చేతిలోనే ఆపింది.

"ఏమైందే? దాన్నేమైనా అన్నావా?"

"లేదు పిన్నీ. ఎల్లుండి ఇంట్లో అయిదుగురు భిక్షువులకు భోజనం. వే లిన్ పేరు చెప్పి పుణ్యం పంచుతున్నాం. నువ్వు పొద్దున్నే వచ్చెయ్."