ఊఁ కొట్టడం మాన్పించిన మాస్టారు

పొద్దున్నే డయాలసిస్ గది తలుపు తీయగానే ముందు ముక్కుకి తగిలేది పుల్లటి ఘాటు. ముందురోజు సాయంత్రం యంత్రాలను కడిగిన మందు వాసన అది. పన్నెండేళ్లుగా పీలుస్తున్నా నాకు ఇంకా అలవాటు కాలేదు. ఈ రోజు ఆ వాసనలో నిలబడి గొట్టాలు బిగిస్తుండగా బల్ల మీద ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి కిడ్నీ డాక్టరు గారు. తెర మీద ఆయన పేరు చూడగానే అరచేతులు చెమర్చాయి. కుడి చెయ్యి దానంతటదే జేబులో పెన్ను కోసం వెతికింది. ఆ చెమట నాది. ఆ పెన్ను వెతికే అలవాటు మాత్రం సన్యాసిరావు మాస్టారిది.

నేను మందసలో తెలుగు మీడియంలో చదువుకుని, నర్సింగు ఎలాగో గట్టెక్కి, టెక్కలిలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్తలో మాట ఇది. ఆరు మంచాలు, ఆరు యంత్రాలు. ఉద్దానం ఊళ్ల నుంచీ, భావనపాడు వైపు నుంచీ వారానికి రెండు మూడుసార్లు వచ్చి రక్తం శుభ్రం చేయించుకుని వెళ్లేవారు. పెద్ద డాక్టరు గారు నెలకి ఒకసారి వచ్చేవారు, మిగతా రోజుల్లో ఫోనే. ఆయనది మన రాష్ట్రం కాదు, తెలుగు రాదు. పరుగులాంటి ఇంగ్లిషు. మందుల పేర్లు నాకు కంఠతా వచ్చు. వాటి మధ్యలో ఆయన వాడే చిన్న చిన్న మాటలతోనే చావు వచ్చేది. పుట్, టేక్, గెట్, హోల్డ్. ఒక్కొక్కటీ మూడో తరగతిలో నేర్చుకున్న మాటే. వెనక అప్, ఆఫ్, ఆన్ అని తోక తగిలించుకుని వచ్చేసరికి ఏదీ గుర్తుపట్టలేకపోయేదాన్ని.

అర్థం కాకపోతే అడగొచ్చు కదా అంటారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊఁ కొట్టాలి. కొట్టకపోతే పొగరంటారు. తాతగారు పొలం సంగతి చెప్పినా, పంతులు గారు లెక్క చెప్పినా, నేను ఊఁ కొడుతూనే పెరిగాను. వింటున్నానని చెప్పడమే దాని పని. అర్థమైందా లేదా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఊఁ ని నేను ఫోనులోకి తెచ్చి 'యెస్ సార్' అని పేరు మార్చాను, అంతే.

మాస్టారు రెండో మంచం మీద ఉండేవారు. హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పి రిటైరైన మనిషి. బక్కపలచగా, ఇస్త్రీ చొక్కాతో వచ్చి, చొక్కా విప్పి జాగ్రత్తగా మడతపెట్టి, ఎడమ చెయ్యి యంత్రానికి అప్పగించి, కుడి చేత్తో పేపరు పట్టుకుని నాలుగు గంటలూ చదివేవారు. నేను చేరిన రెండు నెలల దాకా నాతో మంచినీళ్ల మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ఆ రోజు మూడో మంచం మీద ఎర్రమ్మ ఉంది. భావనపాడులో చేపలు ఎండబెట్టే మనిషి. ముందురోజు ముక్కులోంచి రక్తం కారిందని వస్తూనే చెప్పింది. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తాం. సిరంజి నింపి పెట్టుకుని, టెక్నీషియన్ సెలవులో ఉండడంతో నేనే ఫోను చేసి స్పీకరులో పెట్టాను. డాక్టరు గారు ఒక్క గుక్కలో చెప్పేశారు, "హోల్డ్ ఆఫ్ ఆన్ ది హెపారిన్. కీప్ యాన్ ఐ ఆన్ హర్. గెట్ బ్యాక్ టు మీ ఇఫ్ ఇట్ పిక్స్ అప్." నేను యెస్ సార్, యెస్ సార్, ఓకే సార్ అన్నాను. ఫోను పెట్టేశారు. సిరంజి చేతిలోకి తీసుకున్నాను.

పక్కన పేపరు కిందికి దిగింది.

"ఏటన్నారు డాక్టరు గారు?"

"మందు గురించి చెప్పారండీ."

"అది ఇన్నాను. ఇప్పుడు నువ్వేటి సేత్తావు?"

హోల్డ్ అంటే పట్టుకోవడం. మందు పట్టుకోమన్నారా, పట్టించమన్నారా?

"తెల్దు మాస్టారూ."

"తెల్దా? మరి అన్నిసార్లు యెస్సార్ అన్నావు కాదేటి?"

"అనకపోతే కోప్పడతారండీ. నాది కాంట్రాక్టు ఉద్యోగం."

"ఆయన కోప్పడితే నీ మొకం కాసేపు మాడుద్ది. నువ్వు ఊఁ కొడితే ఎర్రమ్మ పేనం మీదకొత్తాది. ముందు ఆ సిరంజి కింద పెట్టు."

ఎర్రమ్మ ఏమీ అర్థం కాక మా ఇద్దరి వైపూ చూస్తోంది. డాక్టరు గారి మాటల అర్థం మాస్టారికి తెలుసు. చెప్పేయొచ్చు. చెప్పలేదు. మళ్లీ ఫోను చెయ్యమన్నారు. ఏమని అడగాలో నా చేత రెండుసార్లు పలికించారు. నంబరు ఒకసారి తప్పు నొక్కాను. "సారీ సార్, ఐ డిడ్ నాట్ ఫాలో. ప్లీజ్ గో ఓవర్ ఇట్ అగెయిన్," అన్నాను. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. డాక్టరు గారు నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఆ మందు ఈ రోజు ఇవ్వొద్దు. ఆమెను కనిపెట్టుకుని ఉండు. రక్తం కారడం ఎక్కువైతే నాకు మళ్లీ ఫోను చెయ్యి.

రక్తం కారుతున్న మనిషికి, అది గడ్డకట్టనివ్వని మందు ఇవ్వబోయాను. వెనకగదిలోకి వెళ్లి కూర్చుని ఏడ్చాను. తిరిగొచ్చాక మాస్టారు ఓదార్చలేదు. "అడిగితే డాక్టరుకి నువ్వంటే లోకువ అవుద్దని కదా నీ బయం? మంగళవారం నుంచి పెన్నూ పుస్తకం తెచ్చుకో," అన్నారంతే. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంతకు ముందు ఎన్ని యెస్సార్లు అన్నానో, వాటిలో ఎన్ని తప్పులో వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని.

ఆయన పాఠం చెప్పే పద్ధతే వేరు. మాటకి తెలుగు అర్థం రాసుకోనిచ్చేవారు కాదు. "ఈ మాట ఇంటే నీ సెయ్యి ఏటి సెయ్యాలి? అది రాయి," అనేవారు. కట్ డౌన్ అంటే గ్లాసు సగమే నింపాలి. టర్న్ అప్ అంటే మీట పైకి తిప్పాలి. బ్యాకప్ ఉంచు అంటే రెండోది తెచ్చి పక్కన పెట్టాలి. లుక్ ఇన్ టు ఇట్ అంటే కుర్చీలోంచి లేవాలి. పుస్తకంలో చూసి నేనే ఒకసారి గొప్పగా, కుక్కలూ పిల్లులూ కురిసినట్టు వాన అనే ఇంగ్లిషు జాతీయం చెప్పాను. మాస్టారు నవ్వేశారు. "ఆ వాన మన టెక్కల్లో కురవదు గానీ, ఫోన్లో వచ్చే మాటలు సూడు," అన్నారు. మరోసారి టచ్ అండ్ గో అనే మాట వచ్చింది. బతుకో చావో చెప్పలేని స్థితిలో అంటారట. అలవాటుగా, దీనికి చెయ్యి ఏం చెయ్యాలని అడిగాను. ఆయన కాసేపు యంత్రంలో తిరుగుతున్న తన రక్తం వైపు చూశారు. "సేతికి పనేటీ ఉండదు. పక్కన కూకోవాలి," అన్నారు.

అంతటి మనిషీ ఒక ఎండాకాలం నాకు దొరికిపోయారు. డయాలసిస్ వాళ్లు నీళ్లు కొలిచి తాగాలి. ఎక్కువైతే ఒంట్లో నిలిచిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రెండు రోజుల్లో ఆయన నాలుగు కిలోలు పెరిగి వచ్చారు, పాదాలు ఉబ్బి ఉన్నాయి. నేను భయంతో కేకలేశాను. ఆయన పేపరు వెనక నుంచి ఊఁ, ఊఁ అంటున్నారు. ఆ పేపరు లాగేసుకున్నాను.

"నేనేం చెప్పానో తిరిగి చెప్పండి మాస్టారూ."

మొహం ఎర్రబడింది. తర్వాత చిన్నపిల్లాడిలా తల దించుకున్నారు. "రోజుకి మూడు గ్లాసులు. ఎవరింటికెళ్లినా మజ్జిగ పుచ్చుకోకూడదు." "వద్దంటే బాధపడతారని తాగేత్తన్నాను హైమా," అన్నారు. ఆయనా మా ఊళ్ల మనిషే కదా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాలుగో ఏడు వానల్లో ఒక ఉదయం ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. జ్వరం, ఆయాసం. యంత్రం మీద పెట్టగానే బీపీ జారిపోవడం మొదలైంది. డాక్టరు గారికి ఫోను చేసి అంకెలన్నీ చెప్పాను. ఆయన "ఇట్స్ టచ్ అండ్ గో," అన్నారు. నాకు తెలిసిన మాటే. తెలియకపోతే బాగుండునని నా ఉద్యోగంలో అనుకున్నది ఆ ఒక్కసారే. అయినా అడిగాను. బతకొచ్చు, బతక్కపోవచ్చు అంటున్నారా సార్? ఈ రోజే అంటున్నారా? అవును, ఈ రోజే, ఇంట్లోవాళ్లకి చెప్పమన్నారు.

బయట బెంచీ మీద ఆయన భార్య పార్వతమ్మ గారు లేచి నిలబడ్డారు. "ఏటన్నారమ్మా?" ఇలాంటప్పుడు ఏం పర్లేదమ్మా, తగ్గిపోతుంది అనడం ఇక్కడ మర్యాద. ఆ మాట నా నాలిక మీదకి వచ్చేసింది కూడా. వాళ్లమ్మాయి ఇచ్ఛాపురంలో ఉంటుంది, ఆదివారం వస్తానని చెప్పిందట. నేను పర్లేదంటే ఆదివారమే వస్తుంది. "అమ్మా, ఈ రోజు గడుస్తాదో లేదో సెప్పలేమన్నారు. అమ్మాయిగార్ని ఇప్పుడే బయల్దేరమనండి," అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. నేనే చంపేసినట్టు చూశారు.

అమ్మాయి మధ్యాహ్నానికి వచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని అరగంట మాట్లాడింది. ఆయన కూడా ముక్కలు ముక్కలుగా మాట్లాడారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు.

"డాక్టరు గారేటన్నారు?"

"టచ్ అండ్ గో అన్నారు మాస్టారూ."

"మళ్లీ అడిగినావా?"

"అడిగాను."

స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకుని "ఊఁ" అన్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పోయారు. పార్వతమ్మ గారు పన్నెండో రోజు కర్మలు అయ్యాక వచ్చి, ఆయన పేపరు చదివే కళ్లజోడు నా చేతిలో పెట్టి వెళ్లారు. అది నా బల్ల సొరుగులో ఉంది.

ఈ రోజు ఉదయం కూడా డాక్టరు గారు ఎర్రమ్మ గురించి ఏదో వేగంగా చెప్పారు. రాసుకున్నాను, నా మాటల్లో తిరిగి చెప్పాను, ఒక చోట మళ్లీ అడిగాను. ఇన్నేళ్లలో ఆయనకీ అలవాటైపోయింది, నేను అడిగేదాకా ఆగుతారు. భయం మాత్రం తగ్గలేదు. పోవాలని కూడా ఇప్పుడు కోరుకోవడం లేదు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి మూడో మంచం మీద ఎర్రమ్మ నా మొహమే చూస్తోంది. ఇంగ్లిషులో ఒక్క ముక్క రాదు ఆమెకి. అయినా నేను ఫోను పెట్టిన ప్రతిసారీ అడుగుతుంది.

"మళ్లీ అడిగినావా, సిస్టరూ?"

"అడిగానమ్మా."

అప్పుడు గానీ సూదికి చెయ్యి చాపదు.