ముందే బయలుదేరిన ఆధార్ కార్డు

పలమనేరు పాలకేంద్రంలో ఇరవై ఏళ్లుగా వెన్న శాతం తేలుస్తున్న దొరస్వామి ఏ విషయాన్నీ ఉజ్జాయింపుకు వదిలే మనిషి కాదు. హైదరాబాదులో చెల్లెలు కోమలి కూతురికి గురువారం ఉదయం ఎనిమిదీ నలభైకి చెవులు కుట్టిస్తున్నారు. పాప మేనమామ ఒడిలోనే కూర్చోవాలి. ఆ ఒడి పలమనేరులో ఉంది. దాన్ని సకాలంలో చేర్చడానికి ఆయన విమానం టికెట్టు కొని, పాలు పోయడానికి వచ్చిన ప్రతివారికీ లెక్క చెప్పాడు.

"రేణిగుంట నుంచి ఆకాశంలో నాలుగు వందల చిల్లర కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు. బస్సులో అయితే నడుం పడిపోతాది."

చిక్కల్లా ఒకటే. విమానం బుధవారం పన్నెండున్నరకు. అది రాహుకాలం.

"నేను ఇల్లు దాటేది ఎనిమిదికే గదే," అన్నాడు భార్య మునిలక్ష్మితో.

"నేల వదిలేది పయనం. ఇల్లు వదిలేది కాదు," అంది ఆమె.

ఈ సిద్ధాంతానికి జవాబు లేదు గానీ, పెద్దలు పెట్టిన ఉపాయం ఉంది. మంచి గడియలో ప్రయాణికుడి వస్తువొకటి మూటగట్టి పక్కింట్లో పెడితే, మనిషి అప్పుడే బయలుదేరినట్టు లెక్క. దాన్నే ప్రస్థానం అంటారు. సోమవారం ఉదయం అక్షింతలు చల్లి ఒక పంచె మూటగట్టారు. దొరస్వామికి అది చాలలేదు. పంచె ఎవరిదైనా కావచ్చు. తాను తానేనని ప్రభుత్వం ఒప్పుకున్న వస్తువు ఒక్కటే. ఆధార్ కార్డు కూడా మూటలో పెట్టి, పక్కింటి యశోదమ్మ చేతికిచ్చాడు.

బుధవారం ఎనిమిదికి కారు వచ్చింది. యశోదమ్మ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే ఆమె కార్వేటినగరంలో ఉంది. అక్కకు బాగాలేదని తెల్లారే బస్సెక్కిందట.

"మూట యాడ పెట్టినావు యశోదమ్మా?"

"నా కాడే భద్రంగా ఉండాదప్పా. ఒకరి పయనాన్ని తాళమేసిన ఇంట్లో పెట్టి పోతామా?"

కారు చిత్తూరు మీదుగా కార్వేటినగరం చేరేసరికి పదింబావు. యశోదమ్మ మూట ఇచ్చింది గానీ, ఇడ్లీ తినందే కదలనివ్వలేదు. రేణిగుంట విమానాశ్రయంలో కౌంటరు మూసిన పావుగంటకు దొరస్వామి దాని ముందు నిలబడ్డాడు.

"విమానం ఇంకా ఆడనే ఉండాది గదమ్మా," అని అద్దంలోంచి చూపించాడు.

"ఉంది సార్. మీరే లేటు."

"నేను సోమవారమే బయల్దేరినానమ్మా."

ఆ అమ్మాయి దగ్గర దీనికి నిబంధన లేదు.

బయటికొచ్చి కోమలికి ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు రాకపోతే మా మరిది ఒడిలో కూసోబెడతామంటా ఉండారు," అంది ఆమె, గొంతు తగ్గించి.

"ఒడి వస్తా ఉండాదని చెప్పు," అన్నాడు దొరస్వామి.

సాయంత్రం తిరుపతిలో బస్సెక్కి, కన్ను మూయకుండా కూర్చుని, మర్నాడు ఎనిమిదిన్నరకు చెల్లెలి గడపలో చెప్పులు విడిచాడు. పాపను ఒడిలో పెట్టారు. మొదటి చెవికి పాప ఏడ్చింది. రెండో చెవికి వీధంతా వినపడేలా ఏడ్చింది. నోట్లో బెల్లంముక్క పడ్డాక ఊరుకుంది. మేనమామ మాత్రం మొదటి చెవికి ముందే గోడకు తల ఆనించి గురక మొదలుపెట్టాడు. లేపబోయిన కోమలి మరిదిని చెవులు కుట్టిన కంసాలే వారించాడు. శాస్త్రానికి కావలసింది ఒడి. అది మేలుకుని ఉండాలని ఎక్కడా లేదట.