సిరా పెట్టించుకోని వేలు

అమెరికాలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి, వేలిముద్రల పిలుపు ఇంకా రాకముందే కంపెనీ పని మీద రెండు నెలలకని మాదాపూర్ వచ్చాను. ఆ దరఖాస్తు లెక్కన హైదరాబాదు నాకు విదేశీ ప్రయాణం! సరిగ్గా అప్పుడే ఎలక్షన్లొచ్చాయి. కొండాపూర్‌లో నేను ఒకప్పుడు కిరాయికున్న ఇంటి పెద్దమ్మ, జాబితాలోంచి నా పేరు కొట్టేయబోతే "మా పిలగాడే, వస్తడు" అని ఆపిందట. ఓటు చీటీ నా చేతిలో పెట్టి, పోలింగు జరిగే బడి దాకా వెంటబెట్టుకు తీసుకెళ్లింది.

సిరాబుడ్డి ముందు కూర్చున్నాయన వేలు చాపమన్నాడు. చాపిన వేలు చటుక్కున వెనక్కి లాక్కున్నాను. ఈ మచ్చ చూసి, ఇంకా ఆ దేశంలోనే ఓటేస్తున్నావా అని అక్కడివాళ్లు అడిగితే? పిరికి వెధవని. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికొచ్చేశాను.

అప్పటికే ఓటేసి వచ్చిన పెద్దమ్మ కంగారుపడింది. "ఏమైంది బిడ్డా? జర కూసో" అంటూ కొంగుతో విసిరింది. ఆమె వేలి మీద సిరా ఇంకా తడిగానే ఉంది.

తిరిగి వెళ్లాక నాకు వేలిముద్రల పిలుపొచ్చింది. ముద్రలు తీసే మిషన్లు ఇంకా రాని రోజులు, అక్కడ పది వేళ్లకీ నల్లసిరా పూశారు. ఒక్క వేలూ వెనక్కి లాక్కోలేదు.